బతికున్న గొబ్నెట్

నోనీ అత్త కొట్లో రొట్టె కొన్నవాళ్ళెవరూ తమ పేరుకు అర్థం వినకుండా బయటపడేవారు కాదు. అది ఆవిడ జబ్బు. రొట్టె ఒక్కోరోజు నిన్నటిది అంటగట్టేది గాని, అర్థం మాత్రం ఎప్పుడూ తాజాగా ఉండేది. ఏ పేరు ఏ రాజుగారింట్లో పుట్టిందో, ఏ పునీతుడి నెత్తిమీదుగా మన దాకా వచ్చిందో చెప్పందే చిల్లర చేతిలో పెట్టేది కాదు.

మా పోస్ట్‌మాన్ ఫిన్‌బార్‌కు తలమీద ఒక్క వెంట్రుక లేదు. పాత ఐరిష్‌లో ఆ పేరుకు తెల్లని జుట్టున్నవాడని అర్థం. మర్యాదస్తులెవరూ అతని ఎదుట ఆ ఊసెత్తరు. నోనీ అత్త ఎత్తింది.

"ఫిన్‌బార్ అంటే ఏమనుకున్నావురా? మెరిసే తల. మీ అమ్మ ముందుచూపు చూడు."

అప్పటినుంచి అతను వానలో కూడా టోపీ పెట్టుకోవడం మానేశాడు.

నేను బడిపంతుల్ని. నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ణి గనక నాకు మినహాయింపు ఉంటుందనుకున్నాను.

"అత్తా, కోల్మ్ అంటే పావురమని నాకు తెలుసు. ఆ టీపొడి ఇటివ్వు."

"తెలిస్తే మరి ఆ గొణుగుడు తగ్గించుకో మాస్టారూ. పావురాలు కూడా మధ్యమధ్య ఊపిరి తీసుకుంటాయి."

చెప్పులు కుట్టేవాడు పాదం కొలిచినట్టు ఆవిడ మనిషిని కొలిచి అర్థం ఇచ్చేది. అది నిజమా కాదా అన్న పట్టింపు ఆవిడకు లేదు. బాగా పట్టిందా, ఎక్కడైనా కరుస్తోందా అన్నదే ముఖ్యం. ఇది నాలాంటివాడికి ఒళ్ళు మండే సంగతి.

ఆ ఏడు నా తరగతిలో గొబ్నెట్ అనే పిల్ల ఉండేది. అది మా కొండల పునీతురాలి పేరు, తేనెటీగల్ని కాచిన తల్లిది. మా నాన్న చిన్నతనంలో పొయ్యి దగ్గర ఒక గొబ్నెట్, ఆవు దగ్గర ఒక గొబ్నెట్, ఇంటింటా గొబ్నెట్‌లే. తర్వాత ఆ పేరుకు మోజు పోయింది. ఇప్పుడు చూడాలంటే సమాధుల దొడ్డికి వెళ్ళి రాళ్ళు చదువుకోవాలి. ఈ పిల్లకు మా ఆచారం ప్రకారం అమ్మమ్మ పేరు పెట్టారు. ఆ పాపానికి బళ్ళో రోజూ పూజ జరిగేది.

"ఏం బామ్మా, పళ్ళసెట్టు తెచ్చుకున్నావా?"

"లేపకండర్రా, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు."

నేను అరిస్తే ఆ పూటకు ఆగేవారు. అంతలో కన్ఫర్మేషన్ రోజు దగ్గరపడింది. బిషప్ వచ్చి నుదుట నూనె రాసే ఆ రోజున ప్రతి పిల్లా తన పేరుకు తోడు ఒక పునీతురాలి పేరు కోరుకుంటుంది. గొబ్నెట్ తెరేసా పేరు ఎంచుకుంది. ఆ రోజునుంచి తనను తెరేసా అనే పిలవాలని, పాత పేరుతో పిలిస్తే పలకనని ఇంట్లో తేల్చి చెప్పింది. ఆ మాట విని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోయిన అమ్మను ఆమె ఈ పిల్లలోనే పిలుచుకుంటోంది మరి. పెద్దావిడ నాలుగు మాటలు చెబుతుందని పిల్లను నోనీ అత్త కొట్టుకు పంపింది. నేనూ అక్కడే ఉన్నాను.

"తల్లీ, గొబ్నెట్ అంటే ఏమిటనుకున్నావు?"

"తెలుసత్తా. కమ్మరి అన్న మాట నుంచి వచ్చిందని మాస్టారు చెప్పారు. అమ్మేమో తేనెటీగ అంటుంది. నాకు అర్థం వద్దు."

"మరేం కావాలి?"

"బతికున్న గొబ్నెట్‌ను చూపించు. ఒక్కర్తి చాలు."

నోనీ అత్త చిల్లర డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది. ఆ కొట్లో సరుకు నిండుకోవడం ఎన్నోసార్లు చూశాను. మాట నిండుకోవడం అదే మొదలు.

ఆ మర్నాటినుంచి ఆవిడ జబ్బు ముదిరింది. కొట్టుకొచ్చిన పిల్లలకు వాళ్ళ పేర్ల సంగతి వదిలేసి, గొబ్నెట్ అంటే ఏమిటో చెప్పడం మొదలెట్టింది. అదీ ఒక్కొక్కరికి ఒక్కో తీరున. నా తరగతి గొడ్ల సంత అయింది.

"గొబ్నెట్ అంటే ఇనుము వంచే ఆడది," అంది డెర్వ్లా. వాళ్ళ నాన్నది ట్రాక్టర్ల షెడ్డు.

"కాదే, దొంగల మీదికి తేనెటీగల్ని ఉసిగొలిపిన మనిషి," అంది గ్రాన్య. ఆమెకు నలుగురు అన్నలు, నలుగురూ దుడుకుగాళ్ళే.

"ఏ జబ్బయినా కుదిర్చేదని చెప్పింది నాతో," అంది సొరహ, దగ్గుతూ.

నేను ఉగ్రుడినై కొట్టుకు వెళ్ళాను.

"అత్తా, ఒక పేరుకు ఇన్ని అర్థాలా? పద్ధతేనా ఇది?"

"ఊరికే ఇస్తున్నానయ్యా, నీకేం పోయింది? గుడ్లు కావాలా?"

కన్ఫర్మేషన్ రోజు రానే వచ్చింది. చర్చి కిక్కిరిసి ఉంది. డెర్వ్లా ముందు నిలబడింది.

"ఏం పేరు కోరుకున్నావమ్మా?" అన్నారు బిషప్.

"గొబ్నెట్ అండి."

ఆయన ముచ్చటపడ్డారు. తర్వాత గ్రాన్య. గొబ్నెట్. సొరహ. గొబ్నెట్. ఆ తర్వాత పిల్ల, ఆ పక్క పిల్ల, అందరూ అదే. బిషప్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కీరన్ ముందుకొచ్చాడు.

"గొబ్నెట్ అండి."

"నువ్వు మగపిల్లాడివి కదా నాయనా?"

"మగాళ్ళని తేనెటీగలు కుట్టవా అండి?"

ఆయన వాడి నుదుటా నూనె రాశారు. చిట్టచివర మా గొబ్నెట్ వచ్చింది. చెవులదాకా ఎర్రబడి ఉంది.

"నీదీ గొబ్నెట్టేనా తల్లీ?" అన్నారాయన నీరసంగా.

"నాది ముందునుంచీ అదేనండి. వీళ్ళంతా నా దగ్గర తీసుకున్నారు. నాకు తెరేసా ఇవ్వండి. కాని అది పేరుకే, పిలవడానికి కాదు."

బయట గుమ్మం దగ్గర నోనీ అత్తను పట్టుకున్నాను. ముక్కు తుడుచుకుంటోంది.

"ఇందుకా ఇన్నాళ్ళూ ఆ అబద్ధాలన్నీ?"

"అబద్ధాలేముంది మాస్టారూ? ఒక్కర్తి కావాలంది పిల్ల. వెతకబోతే ఇంతమంది దొరికారు."

నాకు ఆవిడ మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది. పైకి మాత్రం గొణిగాను.

అంతలో ఫోటో కోసం గొబ్నెట్ తల్లి చర్చి ముంగిట్లోంచి కేకేసింది.

"గొబ్నెట్, ఇలా రావే!"

తరగతి తరగతంతా ఆవిడ మీదికి పరిగెత్తింది, కీరన్‌తో సహా. అసలు గొబ్నెట్ మాత్రం వెనకాల తాపీగా, ఇంటి యజమానురాలిలా నడుచుకుంటూ వచ్చింది.