తెర మీద తిరిగిన పళ్లచక్రాలు

ఆ రోజుల్లో మల్టీమీడియా అంటే ఏమిటో మా విజయవాడలో నేర్పేవాళ్లకే అంతంతమాత్రంగా తెలుసు, ఇక నేర్చుకునే మా సంగతి చెప్పేదేముంది! బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద మా ఇన్‌స్టిట్యూటు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం (ఏసీ కంప్యూటర్ల కోసం, మా కోసం కాదు). మల్టీమీడియా సార్ సిద్ధాంతం ఒక్కటే: "కదలనిది పోస్టరమ్మా. కదిలేదే మల్టీమీడియా!" నేను దాన్ని వేదవాక్కుగా నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. కోర్సు చివర ఒక నిజమైన షాపుకి సీడీ చేసిపెట్టాలి. షాపాయన ఓకే అని సంతకం పెడితే ల్యాబులో ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం నాదేనని సార్ మాటిచ్చారు. పెట్టకపోతే ఏమవుతుందో నాన్న ముందే తేల్చేశారు. బీఎడ్ అప్లికేషను తెచ్చి టీవీ మీద పెట్టారు. రోజూ అన్నం తింటూ దాన్ని చూడాల్సి వచ్చేది.

నాకు దొరికింది ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. దాని యజమానిని సార్‌తో సహా అందరూ భాయ్ గారనే పిలిచేవాళ్లు. కౌంటరు మీది కంప్యూటర్లో సామాను బొమ్మలు చూసి మెకానిక్కులు కావలసింది ఎంచుకోవాలి, అదీ పని. లారీల షాపు కదా అని నేను బటన్లన్నీ పళ్లచక్రాలుగా గీశాను. బ్రేకులకొకటి, క్లచ్చికొకటి, ఇంజనుకొకటి, అలా ఆరు. ఒకదాని పళ్లలో ఒకటి ఇమిడి గిర్రున తిరిగేలా చేయడానికి మూడు వారాలు పట్టింది. సార్ చూసి "అదీ!" అన్నారు. ఆ ఒక్క మాటకే ఉద్యోగం వచ్చేసినంత సంబరపడిపోయాను.

చూపించే రోజున మా ఇంటి దగ్గరి స్టాపులో, కూచిపూడి నుంచి వచ్చే బస్సెక్కాను. సీడీ మీద గీతలు పడతాయని రెండు చేతిరుమాళ్లలో చుట్టాను, ఎందుకైనా మంచిదని రెండో కాపీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టాను. అయినా దారిపొడవునా ఒకటే అనుమానాలు. కరెంటు పోతే? మౌసు పనిచెయ్యకపోతే? పదిసార్లు సంచి తడుముకునేసరికి పక్కసీటు మామ్మగారు "పెళ్లిచూపులకా అమ్మా?" అని అడిగింది.

నేను వెళ్లేసరికే సార్ షాపులో ఉన్నారు. భాయ్ గారు సీడీ అంతా ఓపికగా చూశారు. "బాగుందమ్మా. కానీ రేపు దీంతో పనిచేసేది నేను కాదు కదా! మా మేస్త్రీ ఓకే అంటే నాకూ ఓకే," అన్నారు. మేస్త్రీ అంటే ఎదురు షెడ్డులో లారీలు బాగుచేసే పెద్దాయన. పిలవగానే వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తున్నాడు. ఎంతసేపటికీ కదలడు! నచ్చలేదు, అయిపోయింది, బీఎడ్డే, అనుకున్నాను.

"నొక్కండి మేస్త్రీ గారూ," అన్నాను.

"ఆగనీ అమ్మా."

"అవి ఆగవండీ. తిరుగుతూనే ఉంటాయి."

"ఆగకపోతే ఎట్టా? చేసినోళ్లు స్విచ్ పెట్టలేదా?" అంటూ లేచి, అటూ ఇటూ చూసి, గోడకున్న స్విచ్ కట్టేశాడు. కంప్యూటరు చటుక్కున చచ్చిపోయింది. నా గుండె కూడా దాదాపు అంతే. సార్ "అయ్యయ్యో!" అంటుండగానే ఆయన నిమ్మళంగా మళ్లీ కూర్చుని, నల్లటి తెరకేసి తిరిగి అన్నాడు: "ఇప్పుడు చెప్పమ్మా, ఎక్కడ నొక్కాల?"

భాయ్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చేశాను కూడా. మేస్త్రీ కంగారుపడి కుడిచెయ్యి నా ముందు చాపాడు. చూపుడువేలికి పై కణుపు లేదు. "ఆగిందనుకుని పెట్టానమ్మా అప్పుడు. తిరిగేదాని మీద చెయ్యి పెట్టగూడదు. నీకెవురూ చెప్పలేదేమో, చిన్నపిల్లవి," అన్నాడు.

నిజమే, నాకెవరూ చెప్పలేదు. భాయ్ గారు రెండు రోజులు గడువిచ్చారు. మూడు వారాలు పట్టి తిప్పిన చక్రాలను ఒక్క పూటలో ఆపేశాను. మౌసు దగ్గరికొస్తే వెలిగేలా చేశాను, అంతే. "పోస్టరైపోయింది," అని సార్ మూతి ముడిచారు. కానీ మేస్త్రీ వచ్చి కూర్చున్నాడో లేదో, సందేహం లేకుండా క్లచ్చి చక్రం నొక్కాడు. క్లచ్ ప్లేటు బొమ్మ వచ్చింది. "ఆఁ, ఇప్పుడు బుద్ధిగా ఉంది," అన్నాడు. భాయ్ గారు సంతకం పెట్టారు. నాన్న తెచ్చిన అప్లికేషన్ని అమ్మ వంటింటి అలమరలో పప్పు డబ్బాల కింద పరిచింది.

ఇప్పుడు మా ఆఫీసులో పిల్లలు గంతులేసే బటన్లు గీసి చూపిస్తే, నా చేతులు వాటంతట అవే మోకాళ్ల మీదికి చేరతాయి. "నచ్చలేదా మేడమ్?" అంటారు పాపం, సరిగ్గా అప్పటి నా మొహంతోనే. ఆ సీడీ ఇంకా బీరువాలో ఉంది, వేసి చూడ్డానికి యంత్రమే లేదు. చివరి తెర మాత్రం బాగా గుర్తు. అందరికన్నా పెద్ద అక్షరాల్లో నా పేరు (చక్రాలాపాను గానీ, దాన్ని తిప్పకుండా ఉండలేకపోయాను), కింద సార్ పేరు, ఆ కింద షాపు పేరు. ఆ పిల్ల గొప్పలు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాకు అసలు పాఠం చెప్పినాయన పేరు మాత్రం అందులో లేదు. ఆయన్ని అందరిలాగే మేస్త్రీ గారూ అన్నానే తప్ప, మీ పేరేమిటని అడగనేలేదు.