పుట్టీ లేని మడ్‌గార్డు

2022 వేసవి. గుంటూరు ఆటోనగర్‌లో నా టింకరింగ్ షెడ్డు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా లారీ క్యాబిన్లు, గుద్దుకున్న కార్ల డోర్లు సాపు చేస్తున్నాను. నాకొక జబ్బుంది. చేతిలో సుత్తి ఉంటే కుదురుగా ఉండలేను.

మిర్చి వ్యాపారి శ్రీధర్ గారిది ప్రత్తిపాడు. పాతకాలపు స్పోర్ట్స్ కారుకి రెప్లికా, అంటే అచ్చం అలాంటి నకలు, కట్టించుకుంటున్నారు. ఇంజనూ ఛాసిస్సూ సిద్ధంగా ఉన్నాయి. అల్యూమినియం బాడీ చేత్తో కొట్టాలి. స్నేహితులంతా ఇలాంటి పనికి పేరున్న కోయంబత్తూరు పంపమన్నా వినకుండా, ముందు ఒక మడ్‌గార్డు నాకిచ్చారు. అది కుదిరితేనే మిగతా కారు నాది.

ఒక్కటే షరతు పెట్టారు. "పుట్టీ వద్దు, రంగూ వద్దు మేస్త్రీ. రేకుని పాలిష్ చేసి వదిలెయ్యండి."

"పుట్టీ లేకుండా ఎవరు చేస్తారండీ?" అన్నాను. పుట్టీ అంటే రేకు మీది సొట్టల్ని కప్పే ముద్ద. మా బతుకంతా దాని చలవే.

"పైన మంచికాయ, లోపల తాలుకాయ పెట్టి కుట్టిన మిర్చి టిక్కీ బస్తాలు యార్డులో చూసీ చూసీ విసుగొచ్చింది. నా కారైనా లోపలెలా ఉందో పైనా అలాగే ఉండాలి."

ఇసుక బస్తా మీద రేకు పరిచి కొయ్యసుత్తితో కొడుతూ వంపు తెచ్చాను. అల్యూమినియం కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. అప్పుడు అనీలింగ్ చెయ్యాలి, అంటే కాల్చి మెత్తబరచాలి. ఇనుములా ఇది ఎర్రబడి చెప్పదు. సబ్బు రుద్ది మంట పెట్టి, సబ్బు నల్లబడగానే తీసెయ్యాలి. పదిహేనో రోజుకి వంపు దాదాపు వచ్చేసింది. ఇంకొక్కసారి కాల్చాలని తెలుసు. ఆగలేకపోయాను. అంచు మడుస్తుంటే గోరంత పగులిచ్చింది.

నా మీద నాకే ఒళ్లు మండింది. వెల్డింగ్ చేసి, అరగదీసి, బఫింగ్ కొట్టి మెరిపించాను. అతుకు కనిపించలేదు. అయినా ఆ రోజంతా షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు శ్రీధర్ గారొచ్చి వంపంతా అరచేత్తో తడిమారు. "భలే చేశారు మేస్త్రీ! ఎక్కడా అతుకే లేదు."

ఆ మెప్పు నాకు మింగుడుపడలేదు. "ఉందండి. ఇదిగో, ఈ అంచు కింద. పగిలితే అతికాను."

ఆయన వంగి చూశారు. ఏమీ కనిపించలేదు. లేచి నిలబడి, "అయితే ఇది వద్దు, ఇంకోటి చెయ్యండి" అన్నారు.

నిజం చెప్పినందుకు మెచ్చుకుంటారని ఎక్కడో ఆశపడ్డట్టున్నాను, చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొత్త రేకు కోశాను. ఈసారి చెయ్యి ఉరకలేసినప్పుడల్లా సుత్తి కింద పెట్టి గ్యాస్ మంట వెలిగించాను. ఆగటం కూడా పనేనని ఇరవై ఆరేళ్లలో తెలియంది ఆ పన్నెండు రోజుల్లో తెలిసింది.

ఆయనొచ్చారు. "ఇందులో ఏమైనా ఉందా?"

"లేదండి."

ఈసారి తడిమి చూడలేదు. "సరే, రెండో పక్కది మొదలుపెట్టండి" అని వెళ్లిపోయారు. అంతవరకూ నా పనిని అందరూ కళ్లతో చూసే నమ్మారు. నా మాట మీద నమ్మింది ఆయనొక్కరే.