బొమ్మలో పెద్దమనిషి ఉద్యోగం

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఉమామహేశ్వరరావుగారి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, రైల్వేవాళ్ళు జీతమిచ్చి మరీ నేర్పింది. విజయవాడలో టికెట్ కలెక్టరుగా రిటైరయ్యారు. ఎవడైనా కిటికీలోంచి కొండల్నీ చెట్లనీ అదేపనిగా చూస్తున్నాడంటే వాడి దగ్గర టికెట్ లేదన్నమాటే, అనేది ఆయన సిద్ధాంతం.

1982లో అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో కూతురు నళిని ఇంటికి వచ్చినప్పుడు ఆ సిద్ధాంతమూ ఆయన వెంటే వచ్చింది. హాల్లో గోడకి ఓ చైనా బొమ్మ ఉండేది. కొండలు, మంచు, జలపాతం. ఓ మూల పైన్ చెట్టు కింద గడ్డం పండితుడొకడు నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. అల్లుడు దామోదర్ ఇంటికి రాగానే ఆ బొమ్మ ముందు చతికిలబడేవాడు. పిలిచినా పలికేవాడు కాదు.

రావుగారికి బొమ్మలోవాడి మీదా, అల్లుడి మీదా అనుమానమే. టై కట్టుకుని షికాగో రైలెక్కే మనిషి బూట్లకు బురదేమిటి? ప్యాంటు అంచుకు గడ్డిగింజలేమిటి? కొంపదీసి ఇంకో ఆడమనిషి ఉందా? నళినికి ఐదో నెల.

ఓ రోజు అల్లుడి కోటు జేబులోంచి నెలవారీ రైలు పాసు తొంగిచూసింది. టికెట్ కలెక్టరు కళ్ళు ఊరుకుంటాయా! అక్టోబరు సగమైపోయింది. పాసు సెప్టెంబరుది.

దొరికాడనుకున్నవాణ్ణి రావుగారు ఎప్పుడూ నిలబెట్టి అడిగేవారు కాదు, ముందు పక్కన కూర్చునేవారు. ఆ సాయంత్రం సోఫాలో అల్లుడి పక్కన కూర్చున్నారు.

"ఈ పెద్దమనిషి ఏం చేస్తుంటాడు బాబూ?"

"రాజుగారి దగ్గర ఆఫీసర్ మామయ్యగారూ. రిజైన్ చేసి కొండల్లోకి వెళ్ళిపోయాడు. నేచర్ చూస్తూ ఉంటాడు."

"రిజైన్ చేశాడా, తీసేశారా?"

దామోదర్ వంటింటివైపు చూసి గొంతు తగ్గించాడు. "తీసేశారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"మరి పగలంతా?"

"నది ఒడ్డున పార్క్‌లో కూర్చుంటాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే మామయ్యగారూ."

ముసలాయన ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే, కుదుటపడినందుకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే కోటు తొడుక్కుని అల్లుడికంటే ముందు కార్లో కూర్చున్నారు.

"ఎక్కడికి నాన్నా?" అంది నళిని.

"అల్లుడుగారి ఆఫీసు చూసొస్తానమ్మా."

కారు వీధి మలుపు తిరిగాక రావుగారు కిటికీలోంచి చెట్లకేసి చూస్తూ అన్నారు. "ఈ ఒక్కరోజే బాబూ. సాయంత్రం అమ్మాయికి మీరే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను."