గంజి పెట్టిన టాపు

కొడుమూరు నేతగాళ్ళ వీధిలో పుట్టిన మగవాడికి నడుము పైభాగం మాత్రమే సొంతం. కింది భాగం మగ్గం గుంటది. పదేళ్ళకు ఆ గుంటలో కాళ్ళు దించితే మళ్ళీ పైకి తీసేది తిండికి, నిద్రకు, పెళ్ళికి, చివరికి పాడెకు. శివన్న మాత్రం ఇరవై రెండో ఏట ఆ కాళ్ళు పైకి లాక్కుని వీధి నడిమధ్య నిలబడ్డాడు. "ఇంగ సచ్చినా ఈ గుంటలోకి దిగను. దిగితే నన్ను శివన్న అనొద్దండి" అని అరిచి కర్నూలు పోయాడు. అట్లా అరిచి పోయినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. మూడో రోజు ఆకలేసి తిరిగొచ్చారు. శివన్న ఆరేళ్ళు రాలేదు.

కర్నూలులో కాలువల ఇంజినీరు దొర ఒకాయన దగ్గర మోటారు కడిగే పనికి కుదిరాడు. కడుగుతూ కడుగుతూ దాని కడుపులో ఏముందో నేర్చుకున్నాడు. దొర సాయంత్రాలు రెండు గ్లాసులు ఎక్కువ పుచ్చుకునే మనిషి కావడం వల్ల తోలడమూ నేర్చుకున్నాడు. దొర ఇంగ్లండుకు పోతూ మోటారును పత్తి వ్యాపారం చేసే అనంతయ్య శెట్టికి అమ్మాడు. శెట్టి దాన్ని నాలుగు పెళ్ళిళ్ళకు వేసుకుపోయి, నాలుగింటికీ తాళి కట్టాక చేరాడు. "కొనుక్కుంటావా శివన్నా?" అని అడిగినప్పుడు శెట్టి ముఖంలో కనబడిన ఆశను శివన్న ప్రేమ అనుకున్నాడు. తండ్రి ఇచ్చిపోయిన రెండెకరాల మెట్ట అమ్మి ఆ మోటారు కొని, దాన్ని తోలుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు.

ఈ ఆరేళ్ళూ అతని భార్య సుంకమ్మ ఏం చేసింది? మొగుడు వదిలేసిన మగ్గం పక్కనే ఇంకొక గుంట తవ్వి తానే దిగింది. కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం ఆడవాళ్ళ పని, నేయడం మగవాళ్ళ పని అని వీధిలో రూలు. "ఆడది గుంటలో దిగితే వానలు రావు" అన్నారు పెద్దలు. "నేను దిగకముందు వచ్చి యాడ వరద పారిందో చూపియ్యండి" అంది సుంకమ్మ. పెద్దలు ఆకాశం వైపు ఒకసారి చూసి ఇళ్ళకు పోయారు. ఆమె అడిగిన వరద కర్నూలు జిల్లాలో ఎవరికీ గుర్తు లేదు.

ఇక ఆ మోటారు సంగతి. రెండు తలుపులు, నాలుగు చక్రాలు, వెనక ఇద్దరు సన్నని మనుషులు పట్టే చోటు. పైన మడిచే గుడ్డ టాపు ఒకప్పుడు ఉండేది. అనంతయ్య కొట్టంలో ఎలుకలు తినగా ఇనుప కమ్ములు మిగిలాయి. అందుకే ఊరు దానికి బోడిమోటారు అని పేరు పెట్టింది. అది మిట్ట మీద నిలిపితేనే కదిలేది. పల్లంలో నిలిపితే నలుగురు తోయాలి. హారను రబ్బరు చీలిపోవడంతో శివన్నే నోటితో పాం పాం అనేవాడు. బ్రేకు పేరుకు ఉండేది. అసలు బ్రేకు ఒక రాయి. ముందు సీటులో కూర్చున్నవాడి ఒళ్ళో ఆ రాయి ఉండేది. బండి నెమ్మదించగానే వాడు దూకి చక్రం కింద పెట్టాలి. బాడుగ ఇచ్చి, రాయి మోసి, దూకి, కర్నూలు ఆసుపత్రికి పోయిన రోగులు చాలామందే ఉన్నారు. సగం జబ్బు దారిలోనే నయమయ్యేదని శివన్న గొప్పగా చెప్పుకునేవాడు.

ఇట్లా ఏడాది గడిచింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలై సంవత్సరం కాకముందే కొత్త మోటారు చట్టం వచ్చి పడింది. బాడుగకు తిరిగే ప్రతి బండినీ కర్నూలు తీసుకుపోయి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. బ్రేకు, హారను, దీపాలు, స్టీరింగు, టాపు అన్నీ ఆయన చూసి సర్టిఫికెట్టు రాసిస్తేనే తిరగాలి, లేకుంటే ఇంట్లో పెట్టుకోవాలి. ఇంట్లో పెట్టుకుంటే శివన్న గతి ఏమిటో వీధి మొత్తానికీ తెలుసు. అమ్మడానికి మెట్ట లేదు, తెలిసిన పని ఇంకొకటి లేదు. పాత గుంట ఒకటే ఉంది. అందులో అప్పటికి కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"ఏమప్పా శివన్నా, కోళ్ళను లేపమంటావా?" అని అడిగేవాళ్ళు దారిలో.

శివన్న పంతం పట్టాడు. హారనుకు కొత్త రబ్బరు తెచ్చాడు. దీపాలు వెలిగించాడు. బ్రేకుకు కావలసిన సామాను మద్రాసు నుంచి రావాలి, యుద్ధం వల్ల రాదు. కమ్మరి మహానంది ఆలోచించి, బావిలో నీళ్ళు తోడే పాత కపిలబాన తోలు ముక్కలు కోసి చక్రాల లోపల బిగించాడు. బండి నిజంగా నిలబడింది. శివన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొడిగా ఉన్నంతసేపు పనిచేస్తాదప్పా" అన్నాడు మహానంది. ఈ సీమలో పొడిగా ఉండనిది ఏముందని శివన్న ఆ మాట చెవిన పెట్టలేదు.

మిగిలింది టాపు. సుంకమ్మ మొగుడి మీద కోపం మొగుడి మీదే ఉంచి, లావు నూలు రెండు పోగులు కలిపి పురి పెట్టి, పోగును బిగించే మగ్గం పలకను చీరకు కొట్టే దెబ్బకు రెండింతలు కొట్టి, పదహారు రోజులు నేసింది. దించాక హంద్రి ఏటి గుంతలో బండకేసి బాది, పడుగుకు పెట్టిన గంజి చుక్క మిగలకుండా ఉతికి ఆరేసింది. కమ్ముల మీద పరిచి చూస్తే బాగా కుదిరింది. అయితే కొంచెం వదులుగా, ముసలి ఎద్దు గంగడోలులా వేలాడింది.

శివన్నకు అది నచ్చలేదు. మగ్గం వదిలినా నేతబుద్ధి పోలేదు. గుడ్డ అంటే గంజి పెట్టాలి, పెళ్ళిపంచెలా నిలబడాలి. సుంకమ్మ సంతకు పోయినప్పుడు కుండెడు బియ్యపు గంజి చిక్కగా కాచి మూడు పూతలు పూశాడు. ఆమె వచ్చేసరికి టాపు ఫెళఫెళలాడుతోంది.

"వానకు పెట్టుకునే గుడ్డకు గంజి యాలయ్యా?"

"ఈడ వాన యాడొస్తాదిమే? ఇన్‌స్పెక్టరు కంటికి నదురుగా ఉండాల."

"అయితే నేనూ వస్తా. నా గుడ్డకు ఏమైతాదో నా కండ్లతో చూస్తా."

అంతవరకు ఆమె ఆ మోటారు ఎక్కి ఎరగదు. బాడుగ మనుషులకే చోటు చాలదనేవాడు మొగుడు. ఆ రోజు ముందు సీటులో కూర్చుంది. ఎందుకైనా మంచిదని శివన్న రాయి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఊళ్ళోకి పోతానే చీర కింద దాచిపెట్టు. ఆయన చూడకూడదు" అన్నాడు. కొడుమూరు నుంచి కర్నూలుకు మొగుడి పక్కన ఆమె చేసిన తొలి ప్రయాణం అట్లా జరిగింది.

ఇన్‌స్పెక్టరు జ్ఞానరాజు సన్నని మనిషి. ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నవ్వు లేని ముఖం. తన నీళ్ళు తాను తెచ్చుకుని తాగేవాడు, ఒకరి తాంబూలం ముట్టేవాడు కాదు. బండ్లను పరీక్షించే మైదానం చివర వేపచెట్టు కింద ఆయన బల్ల వేశారు. బల్ల దగ్గర ముసలి గుమాస్తా ఒకడు మైదానానికి వీపు పెట్టి రిజిస్టరులో రాసుకుంటున్నాడు. నంద్యాల నుంచి మూడు కార్లు తెచ్చిన లేవి అనే ఆసామి ఓ పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ మూడింటి టాపులూ జల్లెడల్లా కారి, మూడూ ఫెయిలయ్యాయి.

శివన్న వంతు వచ్చింది. హారను మోగింది. దీపాలు వెలిగాయి. స్టీరింగు చక్రం అర చుట్టు తిరిగాక గాని బండి తిరగలేదు. జ్ఞానరాజు నొసలు చిట్లించి, "సరే" అన్నాడు. టాపును వేలితో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. శివన్న మీసం మీద చెయ్యి వేశాడు.

"నీళ్ళు తే" అన్నాడు జ్ఞానరాజు బంట్రోతుతో.

శివన్న చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. మొదటి బిందెకు టాపు మీది మూడు పూతలూ కరిగి తెల్లగా, చిక్కగా నాలుగు వైపులా దిగాయి. జ్ఞానరాజు మేజోళ్ళలోకి పోయాయి, బూట్లలోకి పోయాయి, ఆయన చూడని చోట చక్రాల లోపలికీ పోయాయి. ఎక్కడిదో ఆవు ఒకటి వచ్చి బండి తలుపు నాకడం మొదలుపెట్టింది. "ఏమప్పా, ఇది కారా, కుడితి తొట్టా?" అన్నాడు లేవి. ఏడుస్తూ కూర్చున్న మనిషికి ప్రాణం లేచి వచ్చింది.

జ్ఞానరాజు నవ్వలేదు, తిట్టలేదు. ఆవును తోలించి, తానే వెళ్ళి టాపు కింద కూర్చుని, "ఇంకా పోయండి" అన్నాడు. రెండు బిందెలు పోశారు. నాలుగు పోశారు. గంజి వదిలిన నూలు నీళ్ళు తాగి ఉబ్బి, పోగుకు పోగు అతుక్కుపోయింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఆయన చెయ్యి పైకెత్తి గుడ్డ అడుగు తడిమి, పొడిగా ఉన్న వేళ్ళు చూసుకున్నాడు.

"ఎవరు నేసింది?"

"మా ఆడదే దొరా" అన్నాడు శివన్న. ఆ మాట ఊళ్ళో ఎప్పుడూ తల ఎత్తి చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు.

ఇక బ్రేకు ఒక్కటే మిగిలింది. సుంకమ్మ దిగి, రాయిని కొంగు చాటున పెట్టుకుని పక్కన నిలబడింది. జ్ఞానరాజును ఎక్కించుకుని శివన్న మైదానం అటు చివర నుంచి తోలుకు వచ్చాడు. వేపచెట్టు ఇంకా ఇరవై బారలు ఉందనగా జ్ఞానరాజు "ఆపు" అన్నాడు. శివన్న తొక్కాడు. కపిలబాన తోలు, దాని మీద బియ్యపు గంజి. నూనె రాసినట్టు జారింది. ఇంకా గట్టిగా తొక్కాడు. బండి మాత్రం నిమ్మళంగా, పెళ్ళివారి ఇంటికి పోతున్నట్టు, బల్ల వైపు పోతోంది. గుమాస్తా వెనక్కి తిరగలేదు. శివన్న హారను నొక్కాడు. కొత్త రబ్బరు ఊడి అతని ఒళ్ళో పడింది.

సుంకమ్మకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. రాయి బయటికి తీస్తే మొగుడి సర్టిఫికెట్టు పోతుంది. తీయకపోతే ఆ ముసలాయన పోతాడు. పరుగెత్తి, వంగి, ముందు చక్రం కింద రాయి పెట్టింది. బండి ఒక్క కుదుపు కుదిపి, గుమాస్తా కుర్చీకి జానెడు దూరంలో నిలిచింది. ఆయన అప్పుడు వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు సవరించుకుని, బండి నంబరు ఎంతని అడిగాడు.

జ్ఞానరాజు దిగి రాయిని చూశాడు. "ఇదేంది?"

శివన్న కళ్ళతోనే బతిమాలాడు. సుంకమ్మ మొగుణ్ణి చూసింది, రాయిని చూసింది.

"బ్రేకు సామీ" అంది.

కాగితంలో జ్ఞానరాజు ఉన్నది ఉన్నట్టు రాశాడు. టాపు: ఉత్తమం. బ్రేకు: రాయి. బాడుగకు పనికిరాదు. శివన్న రెండు చేతులూ జోడించినా కలం వెనక్కి పోలేదు. "ఒక్కసారి ఇంటికి తోలుకుపో. మనుషులను ఎక్కించుకోవద్దు" అన్నాడు.

"మరి నా భార్య?"

"ఆమె రావచ్చు. ఆమె బ్రేకు కదా" అన్నాడు జ్ఞానరాజు. అప్పుడూ నవ్వలేదు.

బండి కదలకముందే లేవి అడ్డం వచ్చాడు. ఆ టాపు తనకు అక్కడికక్కడే కావాలన్నాడు. పదిహేను రోజుల్లో ఇంకా రెండు కావాలన్నాడు. శివన్న స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. సుంకమ్మే ముళ్ళు విప్పి టాపు దించి ఇచ్చింది. శివన్నకు అది పెళ్ళాం తాళి తెంచి ఇచ్చినట్టు అనిపించింది. ఎవరి తాళి అని ఆలోచిస్తే తనదే అనిపించింది.

హంద్రి దాటి పది మైళ్ళు పోయారో లేదో ఆకాశం నల్లబడింది. అంతకుముందు వారమే కొడుమూరులో కప్పలకు పెళ్ళి చేసి వీధివీధి ఊరేగించారు. కప్పలు మాట నిలబెట్టుకున్నాయి. ఏడాదిగా రాని వాన, టాపు అమ్మిన గంటకు, బోడిమోటారు మీద కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. ఇద్దరూ నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిశారు. సుంకమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి రాయిని కావలించుకుని వంగిపోయింది.

బండి ఊరికి అరమైలు ఉందనగా ఊపిరి వదిలింది. శివన్న దిగలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. "రాయి ఒక్కటి నువ్వు దాచింటే..." అన్నాడు.

"దాచింటే ఆ ముసలాయన్ను మోసేదానికి మనిద్దరమే ఉంటిమి." రాయిని కాళ్ళ దగ్గర దించి మళ్ళీ అంది. "నువ్వు పోయిన ఆరేండ్లు నేను ఒక్కదాన్నే ఆ గుంటలో కూచుంటి. పక్క గుంటలో కోళ్ళు. నాకేం శానా సంబరంగా ఉండిందనుకుంటివా?"

శివన్న తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ ఆరేళ్ళ గురించి అతడు ఒక్కసారి కూడా అడగలేదు. అది ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. దిగి వెనక్కి వెళ్ళి తోశాడు. సుంకమ్మ జరిగి స్టీరింగు పట్టుకుంది. వెక్కిరించడానికి వీధి మొత్తం బయటే ఉంటుందని అతనికి తెలుసు. వీధి మొత్తం బయటే ఉంది. అందరి ముఖాలూ పైకి ఉన్నాయి, అందరి చేతుల్లో బిందెలు, చెంబులు, గంగాళాలు. మోటారును ఎవరూ చూడలేదు. ఆడమనిషి తోలుతోందనీ ఎవరూ చూడలేదు.

మరునాడు తెల్లవారాక శివన్న కోళ్ళను తోలి, గుంట ఊడ్చి, అందులో కాళ్ళు పెట్టాడు. "ఇంగ నిన్నేమని పిలవాలప్పా?" అని గోడ మీంచి ఎవరో అడిగారు. అతడు మగ్గం మీది బూజు దులిపాడు. రెండు గుంటలు పక్కపక్కనే, మోటారులో రెండు సీట్లలా. సుంకమ్మ తన గుంటలో దిగి, పోగు నడిపే నాడె చేతికి తీసుకుంది.

మగ్గానికీ కింద కాళ్ళతో తొక్కే చెక్కలు రెండు ఉంటాయి. శివన్న ఎడమది తొక్కాడు, కుడిది తొక్కాడు. తొక్కినప్పుడు కదిలింది, ఆపినప్పుడు నిలిచింది. కాసేపటికి అతని పెదవుల మధ్య నుంచి సన్నగా డుర్‌ర్‌ర్ అని చప్పుడు మొదలైంది. వినబడకూడదనే అతడి ఉద్దేశం.

సుంకమ్మ తల తిప్పలేదు.

"మెల్లగా తోలయ్యా" అంది. "రాయి ఈడ లేదు."