పోర్టు దగ్గర రెండో మనిషి

2003లో నన్ను కాకినాడలోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. చేరిన కొత్తలోనే కోనసీమ నుంచి సుబ్బలక్ష్మి అనే ఆమె నాలుగేళ్ల కొడుకుతో వచ్చింది. పిల్లవాడికి హీమోఫీలియా. రక్తం సరిగా గడ్డకట్టదు. చిన్న దెబ్బకే మోకాలు వాచిపోతుంది. వెంటనే ఫ్యాక్టర్ అనే మందు నరంలోకి ఎక్కించాలి. పొడిచి పొడిచి చేతుల్లో నరాలు దొరకడం మానేశాయి. అందుకని చెన్నైలో ఛాతీ చర్మం కింద పోర్టు అమర్చారు. అది రూపాయి బిళ్ళంత డబ్బీ. దాని నుంచి సన్నని గొట్టం గుండె దగ్గరి పెద్ద నరంలోకి వెళుతుంది. చర్మం మీదుగా డబ్బీలోకి సూది గుచ్చి మందు ఎక్కిస్తారు.

ఇంట్లో ఆ పని చేసుకోవడం నేర్పే బాధ్యత నాది. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు చేసేలా ఇద్దరికి నేర్పాలని నియమం. సుబ్బలక్ష్మి ఒక్కతే వచ్చింది. అర్చకత్వం చేసే భర్తకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయట. ఆమె తమ్ముడు కూడా ఇదే జబ్బుతో పోయాడు కనుక, "మీ పుట్టింటి జబ్బు, నువ్వే చూసుకో" అనేసిందట అత్తగారు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం?

పని మాత్రం చురుగ్గా నేర్చుకుంది. శుభ్రం చేశాక దేన్నీ తాకకూడదంటే, "మడి లాంటిదే కదండీ" అంది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు చూద్దును కదా, స్టెరైల్ గ్లోవ్స్ తొడుక్కుని కుళాయి కింద చేతులు కడుగుతోంది! నీళ్లు తగిలితేనే మడి అని ఆమె లెక్క. ఆ నీళ్లలోని క్రిములు పోర్టులోంచి నేరుగా రక్తంలోకి పోతాయనీ, పోర్టే తీసేయాల్సి వస్తుందనీ చెప్పాను. చెంపలేసుకుంది. మళ్లీ ఆ పొరపాటు చేయలేదు.

రెండో మనిషి కోసం ఎదురుచూశాం. మిగతా మంచాల దగ్గర చుట్టాలు క్యారియర్లు విప్పుకుని కూర్చుంటే, ఆమె బిడ్డను ఒళ్లో వేసుకుని తలుపు వైపు చూసేది. ఎవరూ రాలేదు. ప్రతిసారీ బస్సెక్కి కాకినాడ వచ్చేసరికి మోకాలు పాడవుతుంది కనుక, డాక్టరు గారు చివరికి ఆమె ఒక్కర్తినే నమ్మి ఇంటికి పంపారు.

కొన్ని నెలల తర్వాత చెకప్‌కి వచ్చారు. పోర్టు బాగుంది, మోకాలూ బాగుంది. నేను సూది గుచ్చుతుంటే పిల్లవాడు కదల్లేదు, మెదల్లేదు. పక్కనే ఉన్న తల్లి వైపు చెయ్యయినా చాపలేదు. ఇంత బుద్ధిగా ఎలా కూర్చుంటున్నాడని అడిగాను.

"గ్లోవ్స్ వేసుకున్నాక వాడు ఏడ్చినా దగ్గరికి తీసుకోకూడదు కదండీ, సిస్టర్ గారూ. అందుకని ఏడవకుండా ఉండటం నేర్పేశానండి" అంది.

నా మనసు చివుక్కుమంది. పోర్టు పెట్టిన పిల్లలు ఆ తర్వాత ఎందరొచ్చినా, పక్కింటావిడనైనా సరే వెంట తెచ్చుకోమని వాళ్ల తల్లులకు చెప్పేదాన్ని. ఆవిడకు సూది పట్టడం రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు.