మూడు ఊళ్ళలో ఉడకని పప్పు

పప్పు పొంగి పొయ్యి మీద పడితే వచ్చే వాసన మీకు తెలిసే ఉంటుంది. కొంచెం మాడు, కొంచెం తీపి, ఇంట్లో ఎవరో ఎవరినో తిట్టబోతున్నారన్న సూచన కొంచెం. ఈ పొద్దు తెల్లవారిన దగ్గరనుంచి మా ఐరాల ఇంట్లో ఆ వాసనే. గిన్నెలో ఉన్నది ఒక్క గుప్పెడు కందిపప్పు. ఇంత మంటకు మా వీధి వీధంతటికీ పెళ్ళిభోజనాలు వండి, మిగిలిన సెగతో కాణిపాకం వచ్చే భక్తులందరికీ స్నానాలకు వేణ్ణీళ్ళు కాచి ఇవ్వవచ్చు. ఈ పప్పు మాత్రం గులకరాళ్ళలా గలగలమంటోంది. మా ఆవిడ సరళ రెండుసార్లు వంటింటి గడప దాకా వచ్చి, గిన్నెలోకి చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమీ అనకపోవడంలో ఆమెను మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. ఆ సంగతికి తరువాత వస్తాను.

నిన్న మా అమ్మాయీ అల్లుడూ వచ్చారు. ఇద్దరికీ ఇంట్లో కూర్చుని చేసుకునే కంప్యూటరు ఉద్యోగాలు. పట్నం వద్దు, ఏదైనా చిన్న ఊళ్ళో కాపురం పెడతామంటారు. అందుకోసం లాప్‌టాప్‌లో ఒక పట్టిక గీశారు. నిలువుగా ఊళ్ళు, అడ్డంగా ఆసుపత్రి, బడి, నెట్టు, రోడ్డు, గాలి... లోకంలో ఉన్న సౌకర్యాలన్నీ అందులో ఉన్నాయి. ఇంకేమన్నా మరిచిపోయినామా నాయనా అని అడిగింది అమ్మాయి. నీళ్ళు అన్నాను. నీళ్ళ క్యాన్లు ఎక్కడైనా దొరుకుతాయంది. అల్లుడు మర్యాదస్తుడు కనుక నా కోసం ఇంకో గడి గీసి, దాని మీద ఏం రాయాలో అడిగాడు. పప్పు ఉడుకుతుందా లేదా అని రాయమన్నాను. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, మామూలుగా లేచి పెరట్లోకి వెళ్ళి, అక్కడ చేయాల్సిన పనేమీ లేకపోయినా చాలాసేపు నిలబడ్డాను. మునస్వామి మేస్త్రి పోయి ఏడాదయింది.

ఆయన మీకు తెలియదు. తిరుపతి బస్టాండు వెనక సందులో మోటారు వైండింగ్ షాపు ఆయనది. షాపు ఎంత చిన్నదంటే, లోపల ముగ్గురం ఉంటే నాలుగో మనిషి తుమ్మడానికి బయటికి పోవాలి. కాలిపోయిన పంపుసెట్టు మోటారు మూత తీసి ఆయన ఒక్కసారి వాసన చూస్తే చాలు, అది ఏ ఫేజు పోయి కాలిందో, ఏ ఊరి బోరుదో, దాన్ని ఆపకుండా నిద్రపోయిన రైతు ఆ పూట ఏం తిన్నాడో కూడా చెప్పేవాడు. ఆయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నాను. రాగితీగ చుట్టేటప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. "మాట చుట్టులో దూరిందంటే మోటారు మొరుగుతాది," అనేవాడు. నేను చుట్టిన మొదటి పది మోటార్లూ మొరిగాయి. పదింటినీ ఆయన విప్పించి, మళ్ళీ నాచేతనే చుట్టించాడు. ఒక్క తిట్టూ తిట్టలేదు. తిట్టి ఉంటే తొందరగా నేర్చుకునేవాణ్ణని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆయనకు పిల్లలు లేరు. భార్య కాంతమ్మ నా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయింది. నేను సరళను తెచ్చుకుని షాపు మీది గదిలో కాపురం పెట్టాక, ఆయన మా ఇంట్లోనే తినేవాడు. ఆమె ఆయన్ను మామా అని పిలిచేది. ఆ ఒక్క పిలుపుకు ఆయన రోజూ రెండు గరిటెలు ఎక్కువ తినేవాడు. కానీ తిరుపతిలో అప్పటికే యాత్రికుల కంటే వైండింగ్ షాపులు ఎక్కువ. ఏదైనా చిన్న ఊళ్ళో సొంతంగా పెట్టుకుందామని మాకు ఆశ. ఒకరోజు ధైర్యం చేసి ఆ మాట చెప్పాను. ఆయన కాయిలు చుడుతున్నాడు. చేతులు ఆగలేదు. కాసేపటికి "ఎన్ని చుట్లయినాయబ్బోడా?" అన్నాడు. నలభై ఏళ్ళలో లెక్క తప్పని మనిషి, ఆ రోజు కాయిలు మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాడు. నేను దాన్ని కంటిచూపు మందగించడం అనుకున్నాను.

మరునాడు ఆయనే మాట ఎత్తాడు. ఊరు తాను చూసి పెడతానన్నాడు. దానికొక పద్ధతి ఉందట. "పెండ్లయిన కొత్తలో నేనూ ఊరు ఎంచుకున్నా. మోటార్లు ఎన్ని ఉండాయో సూసినా, కరెంటు సూసినా, నీళ్ళు సూళ్ళే. పద్నాలుగేండ్లు ఆయమ్మ ఉడకని పప్పుకి పొయ్యి ఊదింది. నాకు ఒక్క దినం చెప్పలే. నేను అడగలే." ఇంత పొడుగు మాట ఆయన నోట అంతకు ముందు విన్నది లేదు. నీళ్ళలో ఉప్పదనం ఎక్కువైతే పప్పు ఉడకదన్నది మా వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళలో తెలిసినవాడు ఆయనొక్కడే, అదీ ఆలస్యంగా. కాబట్టి ఏ ఊరికి పోయినా అక్కడి నీళ్ళలో పప్పు ఉడికించి చూసే దాకా సంచి దించకూడదన్నాడు. కుక్కరు పనికిరాదు, సత్తుగిన్నె కావాలి. "కుక్కరు అబద్ధం చెప్తాది. దాంట్లో పెడితే రాయి గూడా ఉడుకుతాది," అన్నాడు.

మొదట ఏర్పేడు. పంపుస్టవ్వు నా ఒళ్ళో, గిన్నె సరళ ఒళ్ళో, పప్పు మూట మేస్త్రి చొక్కాజేబులో. బస్టాపు పక్కన మూసి ఉన్న అంగడి అరుగు మీద స్టవ్వు వెలిగించాం. గంటలో మండలం మండలమే మా చుట్టూ చేరింది. ఒకాయన కొత్త హోటలనుకుని రెండు ఇడ్లీ చెప్పి కూర్చున్నాడు. బిందెతో నీళ్ళిచ్చిన ఆవిడకు మాత్రం రోషం వచ్చింది. వాళ్ళింట్లో పప్పు వెన్నలాగా ఉడుకుతుందని నాలుగు వీధులకు వినబడేట్టు చెప్పింది. మేస్త్రి ఒక బద్ద తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. నలగలేదు. "ఉడకలేదబ్బోడా," అన్నాడు. ఉప్పు వేసుకుని ఆ పప్పంతా ఆయనే నమిలి తిన్నాడు. నేను చెయ్యి చాపితే గిన్నె పక్కకు జరిపాడు. "ఉడకనిది నీకెందుకు?"

తరువాత తడ. అక్కడ సగంమంది తమిళంలో, సగంమంది తెలుగులో సలహాలిచ్చారు. పప్పు ఏ భాషా వినలేదు. ఆ తరువాత పాకాల. మా ముందు మూడు రైళ్ళు వచ్చి పోయాయి గానీ పప్పులో చలనం లేదు. ప్రతిచోటా అదే నలపడం, అదే మాట, ఆయనొక్కడే తినడం. తిరుగు బస్సులో కడుపు పట్టుకుని కూర్చునేవాడు. అయినా మర్నాడు పొద్దున మాత్రం హుషారుగా ఈల వేసుకుంటూ షాపు తెరిచేవాడు. ఇట్లా ఎనిమిది నెలలు గడిచాయి.

నాకు మండిపోతోంది. నా ఈడువాళ్ళు షాపులు పెట్టుకుని, బోర్డుల మీద పేర్లు రాయించుకుంటున్నారు. నేను పప్పు మూట వెనక ఊళ్ళు తిరుగుతున్నాను. ఆ కోపంలో ఒకరోజు టీ అంగడి దగ్గర ఆయన్ను అనుకరించి చూపించాను. పప్పు నలపడం, కళ్ళు మూసుకోవడం, ఉడకలేదబ్బోడా అనడం. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఉన్నట్టుండి నవ్వులు ఆగాయి. తిరిగి చూస్తే వెనక మేస్త్రి, చేతిలో టీ గ్లాసు. "బాగా జేసినావు," అన్నాడు. "నలిపేటప్పుడు బొటనవేలు ఇంగొంచెం వంచాల." టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు. మనుషుల్ని నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి నేను. ఆ ఒక్క నవ్వునూ వెనక్కి తీసుకునే వీలుంటే, మిగతావన్నీ ఇచ్చేద్దును.

ఆ నెలలోనే సరళకు మూడో నెల అని తెలిసింది. మేస్త్రికి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. వచ్చే ఆదివారం ఐరాల చూద్దామనుకున్నాం. భోజనాల దగ్గర సరళ ఆయనకు మజ్జిగ పోస్తూ, తల ఎత్తకుండా అంది: "మామా, ఈసారి పప్పు నేను తెస్తా."

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. నాకేమీ అర్థం కాలేదు. పప్పు ఎవరు తెస్తే ఏమిటి? ఆయన "తేమ్మా," అన్నాడు. ఆ పూట రెండు గరిటెలు ఎక్కువ తినలేదు.

ఐరాలలో స్టవ్వు వెలిగించి నేను ఇంకా కూర్చోకముందే పప్పు పొంగింది. నురగ పొయ్యి మీద పడి, ఇదిగో ఇదే వాసన. మేస్త్రి బద్ద తీసి నలిపాడు. ముద్దయిపోయింది. ఇంకొకటి తీసి నలిపాడు. తరువాత ఇంకొకటి. వేళ్ళకంటిన పప్పును చూసుకుంటూ "ఉడికింది," అన్నాడు. ఆ రోజు ఆయన ఒక్క మెతుకూ ముట్టలేదు. మమ్మల్ని తినమని చెప్పి, బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కుంటానని రోడ్డు మీదికి వెళ్ళాడు. బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుందని మా ముగ్గురికీ తెలుసు.

ఐరాల మమ్మల్ని బాగా చూసుకుంది. అమ్మాయి ఇక్కడే పుట్టింది. మేస్త్రి వచ్చి చూసి, తన పాత వైండింగ్ మిషను నాకిచ్చి వెళ్ళాడు. మొదట్లో నెలకోసారి తిరుపతి పోయేవాళ్ళం. తరువాత పండక్కి. తరువాత పెళ్ళిళ్ళకు పోయినప్పుడు, బస్సుకు టైముంటే. ఆయన మాత్రం ఫోన్ చేసేవాడు. ఇరవై నాలుగేళ్ళు ఒకటే ప్రశ్న: "పప్పు ఉడుకుతాండాదా అబ్బోడా?" ఉడుకుతాంది మేస్త్రీ అని, మోటారు విప్పి పెట్టుకున్నానని చెప్పి పెట్టేసేవాణ్ణి. విప్పి పెట్టిన మోటారు నిజంగా ఉండేది. ఎప్పుడు లేదు గనక?

పోయిన మామిడికాయల కాలంలో, చిత్తూరు రోడ్డంతా కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, ఆయన పక్కింటాయన ఫోన్ చేశాడు. మేం పోయేసరికి అన్నీ సిద్ధం చేసి, మా కోసం ఆపి ఉంచారు. పదిహేను రోజులుగా మంచంలో ఉన్నాడట. మాకెందుకు చెప్పలేదని పక్కింటాయన్ను నిలదీశాను. "వద్దన్నాడప్పా. పిల్లోళ్ళకి సీజను, పని చెడుతాదన్నాడు," అన్నాడు.

కర్మకాండలన్నీ అయ్యాక షాపు సర్దుతుంటే, రాగితీగ చుట్టల వెనక ఒక రేకుడబ్బా దొరికింది. మూతికి పాత చీరగుడ్డ కట్టి ఉంది. లోపల సగానికి కందిపప్పు, ఆముదం పట్టించి దాచింది. పాతబడి రంగు మారి, పురుగులు కూడా పళ్ళు విరుగుతాయని భయపడి వదిలేసిన పప్పు. నాకు అప్పటికీ వెలగలేదు. డబ్బా సరళకు చూపించాను. ఆమె ఒక బద్ద తీసి వాసన చూసి, మళ్ళీ డబ్బాలో వేసింది.

"కాంతమ్మత్త దాచిపెట్టిన పప్పు. ఈడనుంచే తెచ్చేటోడు. ఇంత పాత పప్పు ఏ నీళ్ళకి ఉడుకుతాది?"

నీకెప్పుడు తెలుసని అడిగాను. ఏర్పేడులోనే తెలుసంది. గిన్నెలో పోసేటప్పుడు చప్పుడు వింటే చాలట.

"మరి చెప్పలేదేం?"

"నన్ను కాపరానికి పంపేటప్పుడు మా నాయన మూడుసార్లు ట్రాక్టరు చెడిపోయిందన్నాడు. బాగనే ఉండింది ట్రాక్టరు." చీరగుడ్డ మళ్ళీ మూతికి కట్టి ముడి వేసింది. "మూడుసార్లు ఊరుకున్నా. నాలుగోసారికి కడుపులో ఇది ఉండె."

ఆ ఊళ్ళ నీళ్ళకు నేను ఈ సందర్భంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. తప్పు వాటిది కాదు. ఎనిమిది నెలల పాటు మమ్మల్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఆయన కాంతమ్మ మిగిల్చి వెళ్ళిన పప్పులో మూడు గుప్పిళ్ళు వాడుకున్నాడు. అబద్ధం చెప్పాడు, కానీ దాన్ని మరొకరికి వడ్డించలేదు.

డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. ఈ రోజు పిల్లలతో కలిసి పలమనేరు చూడటానికి పోవాలి. వాళ్ళ పట్టికలో దానికే ఎక్కువ మార్కులు. రాత్రే సరళ కొత్తపప్పు మూట కట్టి అమ్మాయి సంచిలో పెట్టింది. ఉన్న ఒక్క కూతురు ఇంత కంటే దూరంగా పోకుండా ఉంటే బాగుండునని నాకు లేదని అనను. పొద్దున లేచి డబ్బా దించాను. మూట మార్చడం ఎంతసేపు? చీరగుడ్డ విప్పి, గుప్పెడు పప్పు తీసి, సంచి దాకా పోయి, మూట ముట్టకుండా తిరిగొచ్చి, ఈ గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను.

ఇప్పుడు పొయ్యి ఆర్పేశాను. ఒక బద్ద తీసి నలిపాను. బొటనవేలు ఇంకొంచెం వంచి నలిపాను. ఉప్పు వేసుకుని తినడం మొదలుపెట్టాను. సరళ మూడోసారి వచ్చి, పక్కన కూర్చుని చెయ్యి చాపింది. గిన్నె పక్కకు జరిపాను. వాకిట్లో కారు స్టార్టయింది.

"ఉడికిందా నాయనా?" బయటినుంచి అమ్మాయి కేక వేసింది.

నోటినిండా రాళ్ళు. మింగి అన్నాను.

"ఉడికింది తల్లీ. పదండి పోదాం."