ఆఖరి సన్నాయి కోసం వడమాలపేటకు

ఇరవై ఏళ్ళుగా సంగీతం మీద డాక్యుమెంటరీలు తీయడం నా వృత్తి. సరిగ్గా చెప్పాలంటే, బతికున్న కళలకు సంతాప సభలు పెట్టడం. "ఈయనతో ఈ విద్య ఆఖరు" అనే మాట నా ప్రతి సినిమాలోనూ ఉంటుంది. నగరాల్లో చల్లటి హాళ్ళలో కూర్చున్నవాళ్ళు ఆ మాట దగ్గర కళ్ళు తుడుచుకుని, బయటికొచ్చి సమోసాలు తింటారు. పన్నెండేళ్ళ క్రితం వడమాలపేట దగ్గరి పల్లెలో చెంగల్రాయుడనే సన్నాయి విద్వాంసుడి మీద తీసిన సినిమాతోనే నాకు పేరొచ్చింది. దాన్ని తీయించిన సంస్థే రెండో భాగం అడిగితే బయలుదేరాను.

సికింద్రాబాదులో సాయంత్రం ఎక్కిన రైలు ఆలస్యంగా, ఉదయం ఆరున్నరకు గూడూరు చేరింది. ఎదుటి బెర్తు నిమ్మకాయల వ్యాపారి దిగబోతూ నా పనేమిటని అడిగాడు. చెప్పాను. "టికెట్టు కొని చూస్తారా సార్?" అన్నాడు. ఊరికే చూపిస్తామన్నాను. జాలిగా చూసి దిగిపోయాడు.

ఎనిమిదిన్నరకు తిరుపతి. స్టేషను ఎదుట ఇడ్లీ తిని, తొమ్మిదింబావుకు పుత్తూరు బస్సెక్కాను. బస్సు నిండా గుండ్లకు గంధం పూసుకున్న తమిళ భక్తులు. వడమాలపేటకు ముప్పావు గంట. అక్కడ బస్సు నిమిషం కూడా ఆగదు. సామాను ముందే చేతిలో పట్టుకోవాలి. ఆపైన ఆటోలో పది నిమిషాలు.

చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళు పోయాయి, ఇక ఊదలేడు. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు. సినిమాకు భలే పనికొస్తాడనుకుని లోలోపల సంతోషించాను. అంతలో ఇంట్లో ఎవరో సన్నాయి ఊదారు. నా సంతోషం కాస్తా ఆవిరైంది.

సన్నాయితో బయటికొచ్చింది ఆయన కూతురు మునిలక్ష్మి. పదకొండున్నరకు పుత్తూరులో పెళ్ళి ముహూర్తమట, బయలుదేరుతోంది. నాన్న గురించి నాలుగు మాటలు చెప్పమన్నాను.

"మీ సినిమాలో మా నాయన ఆఖరాయన కదా సార్. మరి నేనెవురు?" అంది. "ఆ పొద్దు నేను నాయన పక్కనే కూసోని వాయిస్తా ఉంటి. మీరు నీళ్ళు తెమ్మని నన్ను లోపలికి పంపినారు. నేను వచ్చేలోపల నాయన ఒక్కణ్ణే పెట్టి సినిమా తీసేసినారు."

నిజమే. పద్నాలుగేళ్ళ పిల్ల అంత చక్కగా వాయిస్తుంటే "ఆఖరు" అనే మాట నిలబడదు. ఆ రోజు నాకు దాహమేమీ వేయలేదు.

తర్వాతి సంగతి కూడా ఆమే చెప్పింది. సినిమా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఫోన్లలో తిరిగింది. చెంగల్రాయుడి మేళం ఆగిపోయిందనుకుని జనం బ్యాండు సెట్లు మాట్లాడుకున్నారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, నేనింకా వాయిస్తున్నానయ్యా అని చెప్పుకోవాల్సి వచ్చింది.

"పోనీలేమ్మా. సారుకు తెలీక చేసినాడు," అన్నాడు చెంగల్రాయుడు.

తెలిసే చేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కెమెరా అక్కడే పెట్టి వస్తానంటే పెళ్ళికి రమ్మంది మునిలక్ష్మి. వెళ్ళాను. ఊళ్ళో నలుగురు పిల్లలకు సన్నాయి నేర్పుతున్నానని దారిలో చెప్పింది. మండపంలో ఎవరి కబుర్లు వాళ్ళవి. తాళి కట్టే వేళ ఆమె గట్టిమేళం అందుకుంది. కూర్చున్నవాళ్ళందరూ అక్షింతలు పట్టుకుని లేచారు. అది వాళ్ళకు అంతరించే కళ కాదు, అప్పటికి కావలసిన పని. కళ్ళు తుడుచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ అలవాటు కొద్దీ.

భోజనాలయ్యాక, ఈసారి నీ మీదే తీస్తానన్నాను. "వద్దు సార్. ముందు ఆ పాతదాన్ని తీసేయండి, సాలు," అంది.

సాయంత్రం తిరుగు రైల్లోంచి సంస్థకు ఫోన్ చేశాను. చెంగల్రాయుడు ఆఖరివాడు కాదు, కూతురు వాయిస్తోంది, నలుగురికి నేర్పుతోంది, పాత సినిమా ఇక చూపించవద్దన్నాను. అవతలి పెద్దమనిషి నిట్టూర్చాడు. పాత సినిమా ఆపడం కుదరదట, దానికి గిరాకీ ఉందట. గూడూరు వైపు హరికథలు చెప్పే ముసలాయన ఉన్నాడట, పిల్లల్లేరు, శిష్యుల్లేరు, వీలైతే దారిలో దిగి చూడమన్నాడు. వాళ్ళ పని ఇక చేయనని చెప్పి ఫోన్ పెట్టేశాను.

గూడూరులో రైలు రెండు నిమిషాలు ఆగింది. నేను దిగలేదు. అందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. ఈపాటికి ఆ ముసలాయన మీద సినిమా తీయడానికి వాళ్ళకు మరొకడు దొరికే ఉంటాడు.